తొలగించిన ఆ ఒక్క వాక్యము: ట్రాయ్ వారికి బహిరంగ లేఖ

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ అధ్యక్షులకును, గౌరవ సభ్యులకును

మాన్యులారా,

2012 మే నెలలో మీ సంస్థ టెలివిజన్ ప్రకటనలను గూర్చి ఒక నిబంధనావళిని వెలువరించినప్పుడు, గంటకు 12 నిమిషములకు మించి ప్రకటనలు ప్రసారము చేయరాదను ప్రధాన నియమము చెంతనే, ప్రకటన యొక్క ధ్వనిస్థాయి కార్యక్రమము యొక్క ధ్వనిస్థాయిని మించియుండరాదను ఒక చిన్న వాక్యము కూడ ఉండెను. ప్రసార సంస్థలు ఆ నిబంధనావళిపై టెలికాం వివాదముల న్యాయాధికరణము మెట్లెక్కినవి. మీరు తిరిగి సంప్రదింపులు జరిపితిరి. ఏడాది నిండకుండనే, 2013 మార్చిలో, సవరణ వెలువడినది. అందు 12 నిమిషముల లెక్క మిగిలినది, ధ్వనిని గూర్చిన వాక్యము మాయమైనది. ఒక విరామమునకును మరియొక విరామమునకును నడుమ ఉండవలసిన ఎడము మొదలుగా ఆనాడు తొలగించినవి మరికొన్ని కలవు గాని, వానిని గూర్చి వాదించుటకు వేరు సమర్థులు కలరు. నేను ఆ ఒక్క వాక్యము కొరకే ఈ లేఖ వ్రాయుచున్నాను. ఏలయన, గడియారము చూచి లెక్కింపదగిన దానిని మీరు నిలుపుకొని, చెవికి మాత్రమే తెలియు దానిని వదలివేసితిరని నా అభియోగము.

ఇప్పుడు కలము పట్టుటకు తక్షణ కారణము ఒక ఉత్తరము. రాత్రివేళ ప్రకటనల హోరును గూర్చి ఒక చానెల్ వారికి, 2021 నాటి సవరణ నియమములు ప్రేక్షకునకు ప్రసాదించిన హక్కును పురస్కరించుకొని, నేను ఫిర్యాదు పంపితిని. గడువులోపలనే, మర్యాద తప్పని భాషలో, సమాధానము వచ్చినది: తమ ప్రసారధ్వని సాంకేతిక పరిమితిని ఎన్నడును దాటలేదట, అసౌకర్యముగా తోచినచో రిమోట్‌తో తగ్గించుకొనవచ్చునట. ఆ చానెల్ పేరు ఇక్కడ అనవసరము. మరియే చానెల్‌కు వ్రాసినను ఇదే జవాబు వచ్చియుండునని నా నమ్మకము. ఆ జవాబు అబద్ధమైయున్నచో నాకింత కలత కలిగెడిది కాదు. అది అక్షరాల నిజము. మీరు ఏ కొలతయు విధింపనిచోట వారు తమకు అనుకూలమైన కొలతను చూపి తప్పించుకొనుట సహజమే గదా? అట్టి సహజమునకు తావిచ్చినవారు ఎవరు?

రిమోట్ ఉన్నది గదా యను మాట ఎంత నిర్దయమైనదో తెలిసికొనుటకు మీలో ఎవరైనను ఒక సామాన్య గృహమున ఒక రాత్రి కూర్చున్నచో చాలును. మా వీధిలో వినికిడి కొంత మందగించిన ఒక పెద్దావిడ కలరు. పాత చిత్రములన్నచో ఆమెకు ప్రాణము. 'మిస్సమ్మ'లోనో 'మాయాబజార్'లోనో పాత్రలు గొంతు తగ్గించి మాటలాడుకొను ఘట్టము వచ్చినంతనే, ఆ మాట చెవిని పడుటకై ఆమె ధ్వనిని ఒక్కొక్క మెట్టే పెంచుచు పోవును. మాట స్పష్టమై, ముఖమున చిరునవ్వు మొలకెత్తునంతలో విరామము వచ్చును. వచ్చుటతోడనే నగల దుకాణము వారి డప్పులును, ఇండ్లస్థలముల వ్యాపారి తరఫున ఊపిరి తీసికొనక అరచెడి కంఠమును, సబ్బుపొడి పాటయు ఒకదానిపై నొకటి విరుచుకొని పడును. పక్కగదిలో నిద్రించుచున్న పసిబిడ్డ ఉలికిపడి లేచును. కోడలు వంటింటినుండి పరుగున వచ్చును. పెద్దావిడ ఒడిలో జారిన రిమోట్ కొరకు తడవుకొనును. ప్రకటనలు ముగిసి చిత్రము మొదలగునప్పటికి ధ్వని అడుగంటియుండును గనుక మరల పెంచుట. ఆ ఇంటి రిమోట్‌ను నేను చేతబట్టి చూచితిని: అంకెల మీటలన్నియు కొత్తవివలెనే ఉన్నవి, ధ్వనిని పెంచు మీటపైని ప్లస్ గుర్తును, తగ్గించు మీటపైని మైనస్ గుర్తును మాత్రము వ్రేలి రాపిడికి పూర్తిగా చెరిగిపోయినవి. దేశమునందలి ప్రతి గృహమునను ప్రతి రాత్రియు ప్రేక్షకుడు చేతితో చేయుచున్న ఈ పనిని ప్రసారశాలలో ఒక యంత్రము ఒక్కసారి చేసియుంచరాదా? ఆ యంత్రమును పెట్టుడని చెప్పవలసిన బాధ్యత మీది కాదా?

ఇక వారు చెప్పెడి సాంకేతిక పరిమితి సంగతి విచారింతము. ధ్వనితరంగము ఒకానొక క్షణమున అందుకొను మిక్కిలి ఎత్తైన స్థానమును శబ్దశాలలవారు పీక్ అందురు. దానిని మించినచో ధ్వని చిట్లును గనుక, ప్రసారయంత్రముల క్షేమము కొరకు దానికొక హద్దు పూర్వమునుండియు ఉన్నది. అయితే మానవుని చెవి క్షణకాలపు పీక్‌ను బట్టి బిగ్గరతనమును నిర్ణయింపదు. కొంత కాలము పాటు తనను చేరెడి శక్తిని కూడుకొని, అందులోను ఏ స్వరస్థాయిలో ఆ శక్తి ఉన్నదో గమనించి నిర్ణయించును. కుటుంబ ధారావాహికలో తల్లీకూతుండ్ర సంభాషణ సాగుచుండగా కంచము క్రింద పడినచో, ఆ ఒక్క చప్పుడు పీక్ హద్దును తాకవచ్చును. మాటలు మాత్రము దానికి 15, 20 డెసిబెళ్ళ దిగువననే ఉండును. ప్రకటన తయారు చేయువాడు చేయు పని వేరు. కంప్రెసర్, లిమిటర్ అను సాధనములతో అతడు ధ్వనిలోని ఎత్తుపల్లములను అణచి, పల్లములోని దానిని పైకెత్తి, మొదటి క్షణమునుండి చివరి క్షణము వరకు అంతటిని హద్దును ఆనించి నిలుపును. పీక్ మీటరును చూచినచో రెండును సమానమే. చెవితో విన్నచో ఒకటి సంభాషణ, మరియొకటి దండయాత్ర. మన చెవి సుమారు 2,000 నుండి 5,000 హెర్ట్జుల నడుమనున్న ధ్వనులకు మిక్కిలి సులభముగా స్పందించునని 1933లోనే బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అను పండితులు తమ వక్రరేఖలలో చూపియున్నారు. ప్రకటనకారుడు ఆ భాగమునే మరింత సాన పెట్టును. 10 డెసిబెళ్ళు పెరిగినచో ధ్వని రెట్టింపైనట్లు చెవికి తోచుననుట శాస్త్రజ్ఞులు సాధారణముగా అంగీకరించిన మాట. పీక్ హద్దు చెక్కుచెదరకుండగనే ఇంతటి వ్యత్యాసమును సృష్టింపవచ్చును. కావున నాకు వచ్చిన ఆ ఉత్తరములో అసత్యము లేదు. అందులోని చాతుర్యమంతయు ఏ మీటరును చూపవలెనో ఎన్నుకొనుటలోనే ఉన్నది.

అట్లయినచో బిగ్గరతనమును కొలుచు మీటరు లేదా? లేదని మీరు చెప్పజాలరు. భారతదేశము 1869 నుండి సభ్యురాలుగా ఉన్న అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమే, ఐటీయూ బీఎస్.1770 అను పేరున ఆ కొలతను 2006లో లోకమునకు అందించినది. ఆ కొలత పుట్టిన తీరు మిమ్ములను మెప్పించునని తలంతును. గిల్బర్ట్ సూలోడ్రే మొదలైనవారు కెనడా సమాచార పరిశోధన కేంద్రమున ప్రేక్షకులను కూర్చుండబెట్టి, ఒక ప్రమాణధ్వనిని వినిపించి, తరువాత నాటకములు, సంగీతము, వార్తలు, క్రీడలు మొదలైన వానినుండి తీసిన శబ్దఖండములను వినిపించుచు, ప్రతిదానిని ఆ ప్రమాణధ్వనితో సమానముగా వినబడువరకు పెంచియో తగ్గించియో సరిచూడుడని కోరిరి. మానవుల చెవులు ఇచ్చిన ఆ తీర్పులను ఒకవైపున ఉంచి, వానికి ఏ గణితసూత్రము దగ్గరగా వచ్చునోయని మరియొకవైపున పరీక్షించిరి. చెవి నిర్మాణమంతటిని అనుకరింపజూచిన జటిల సూత్రములకంటె, లోతైన గంభీరస్వరములను కొంత తగ్గించి మిగిలిన శక్తిని సగటు కట్టెడి సామాన్య సూత్రమే మేలుగా నిలిచినది. దానికి, శ్రోత తల వలన కలుగు ప్రభావమును లెక్కించుటకై పైస్వరములను సుమారు 4 డెసిబెళ్ళు పెంచు వడపోతను చేర్చిరి. అదియే నేడు స్టూడియోలలో ఎల్‌యూఎఫ్‌ఎస్ అనియు, ఎల్‌కేఎఫ్‌ఎస్ అనియు రెండు పేర్లతో పిలువబడుచున్న ఒకే కొలత.

ఈ కొలతను మోసగించుట సులభమే గదా యని మీ ఇంజనీర్లు సందేహింపవచ్చును. ప్రకటనలో సగము కాలము నిశ్శబ్దముగా ఉంచి, మిగిలిన సగము పిడుగులు కురిపించినచో సగటు తగ్గిపోవును గదా! ఈ ఉపాయము ముందుగనే ఊహింపబడినది. 2011లో సవరించిన పాఠము ప్రకారము, ధ్వనిని సెకనులో పదింట నాలుగు వంతుల తునకలుగా కోసి, అందు ఈ కొలతలో మైనస్ 70కి దిగువనున్న నిశ్శబ్దమును మొదట తీసివేసి, మిగిలినదాని సగటుకంటె 10 ప్రమాణములు తక్కువగా ఉన్న తునకలను కూడ రెండవమారు తీసివేసి, అటుపై తుది లెక్క కట్టుదురు. నిశ్శబ్దమును దాచుకొని దానిని అరుపునకు పెట్టుబడిగా వాడుకొనువాని ఆట ఇక్కడ సాగదు.

కొలత చేతికందిన తరువాత ఇతరులు ఏమి చేసిరో మీకు తెలియనిది కాదు. అయినను బహిరంగముగా వ్రాయుచున్న లేఖ గనుక పాఠకుల కొరకు చెప్పవలసియున్నది. అమెరికాలో ఈ ఫిర్యాదు మిక్కిలి పాతది. అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1965లోనే బిగ్గర ప్రకటనలను గూర్చి ఒక విధాన ప్రకటన చేసినది. 1984లో మరల విచారణ జరిపి, ఉపయోగపడెడి నియమమును రచించుట సాధ్యము కాదని చేతులెత్తివేసినది. ఆనాటికి ఆ మాటలో న్యాయము కలదు, కొలత లేదు గనుక. కొలత వచ్చిన నాలుగేండ్లకే, కాలిఫోర్నియా ప్రతినిధి ఆన్నా ఈషూ ప్రతిపాదించిన 'కామ్' చట్టముపై 2010 డిసెంబరులో అధ్యక్షుడు ఒబామా సంతకము చేసెను. 2012 డిసెంబరు 13 నుండి అది అమలునకు వచ్చినది. అక్కడ ప్రమాణము మైనస్ 24, అటునిటు 2. ఐరోపా ప్రసారకుల సంఘము 2010 ఆగస్టులోనే ఆర్.128 అను సిఫారసును ప్రకటించి మైనస్ 23ను నిర్ణయించినది. జపాను, ఆస్ట్రేలియా దేశములు మైనస్ 24ను గైకొన్నవి. కాలిఫోర్నియా రాష్ట్రమైతే 2025లో మరియొక అడుగు వేసి, ఇంటర్నెట్ ద్వారా వచ్చెడి ప్రసారములలోని ప్రకటనలకును ఈ కట్టుబాటును విస్తరింపజేయు చట్టమును తెచ్చినది. 1984లో అమెరికా వారు చెప్పిన సాకు వారికి చెల్లినది. 2013లో మీకు అది కూడ చెల్లదు గదా! అప్పటికి కొలత పుట్టి ఏడేండ్లు; చట్టములు అమలునకు వచ్చి నెలలు.

ఐరోపా పద్ధతిలోని సొగసు మరియొకటి చెప్పవలెను. అక్కడ ప్రకటనకు శిక్ష లేదు, నిషేధము లేదు. ప్రతి కార్యక్రమమును, ప్రతి ప్రకటనయు ఒకే సగటునకు దింపబడును, అంతియే. అట్లు దింపినపుడు, ఎత్తుపల్లములన్నియు నలుగగొట్టి హద్దును ఆనించిన ప్రకటన మొత్తముగా క్రిందికి జారిపోవును, దానికి లాభమేమియు మిగులదు. ఒక గుసగుసను, ఒక నిట్టూర్పును, ఒక మృదంగపు దెబ్బను వాని వాని స్థానమున నిలిపిన శబ్దశిల్పికి మాత్రము పీక్ వరకు విశాలమైన చోటు దొరకును. అరచినవానికి దక్కు లాభమును హరించుటయే ఇందలి రహస్యము. ఇంతటి సౌమ్యమైన నియంత్రణ మరియొకటి మీ ఇన్నేండ్ల అనుభవములో కనబడినదా?

మన చట్టములో ఈ విషయమున ఏమియు లేదనుకొనుట పొరపాటు. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నియమములలో ఏడవదాని ఆరవ ఉపనియమము, ప్రకటనలోని చిత్రముగాని శబ్దముగాని మితిమీరి బిగ్గరగా ఉండరాదని శాసించుచునే యున్నది. ముప్పది యేండ్లు దాటిన ఈ శాసనము కాగితముపై పదిలముగా ఉన్నది. మితి యేదో చెప్పనందున అది ఎవరిని బాధించుట లేదు. సంతలో కిరాణావర్తకుని తూనికరాళ్ళకు ప్రభుత్వ ముద్ర ఉండవలెనని పట్టుబట్టి, తనిఖీకి అధికారిని పంపెడి ప్రభుత్వమే, కోట్లమంది చెవులలో పడుచున్న సరకునకు రాయి అక్కరలేదని తలచుట వింత కాదా? శబ్దమును అంకెలతో బంధించుట మనకు చేతకానిదియు కాదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమములు నివాస ప్రాంతమునకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళని అంకెలు వేసి చెప్పినవి. రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు వీధిలో మైకు మ్రోగరాదనినవి. గుడి ఉత్సవము వారును, పెండ్లివారును ఆ అంకెలకు లోబడవలెను. వీధిమైకును నోరు మూయించిన ఆ రాత్రి పది గంటలకే మన చానెళ్ళలో వార్తాచర్చల నడుమ ప్రకటనల జాతర నడుచుచుండును, అదియును తలుపులు మూసిన గదిలో. (డెసిబెల్ లెక్కను ఇంటి గదికి అన్వయింపుడని నేను కోరుట లేదు, గదిలోని ధ్వని ప్రేక్షకుని చేతిలోనిది. ప్రసారములోని రెండు ఖండముల నడుమనున్న తేడా మాత్రము ప్రసారకుని చేతిలోనిది, అతనిపై అధికారము మీ చేతిలోనిది.) 2004 జనవరిలో ప్రసార, కేబుల్ సేవలను మీ పరిధిలోనికి చేర్చిననాడు, మీకు అప్పగించిన సేవానాణ్యతలో చందాదారుని చెవి చేరలేదని ఏ ప్రకటనలోనైనను వ్రాసియున్నదా?

ప్రసారకుల వైపునుండి మీకు వినబడిన అభ్యంతరములు నేను ఊహింపగలను. ప్రకటనను తయారు చేయునది ప్రకటనసంస్థ, మేము అందినదానిని అందినట్లు వేయుదుమందురు. ఒక ప్రకటనలోని చిత్రము అస్పష్టముగా ఉన్నచో వెనుకకు త్రిప్పి పంపెడి చానెల్, ధ్వనిని మాత్రము మీటరు పెట్టకుండ ఏల స్వీకరించును? అందినట్లు వేయుటయే నీతియైనచో అశ్లీలమును గూడ అందినట్లే వేయుదురా? ఖర్చందురు. ఆర్.128 ప్రకారము కొలుచు, సరిదిద్దు సాధనములు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నవి. ఇంజనీరింగు చదువుకొనుచున్న పిల్లవాడు తన గదిలోని కంప్యూటరుతో ఒక ప్రకటనను కొన్ని క్షణములలో మైనస్ 23కు దింపగలడు. కోట్ల రూపాయలు గుమ్మరించి స్టూడియోలు కట్టిన సంస్థలకు ఇది భారమా? నైపుణ్యము లేదందురు. నెట్‌ఫ్లిక్స్ సంస్థ తనకందెడి కార్యక్రమములలో సంభాషణల సగటు మైనస్ 27 వద్ద, అటునిటు 2 లోపల ఉండవలెనని కోరును. అట్టి కొలతలకు సరిపడునట్లు మిక్సింగు చేసి పంపగలవారు మన హైదరాబాదు శబ్దశాలలలోనే ఉన్నారు. వారే మరునాడు మరియొక ప్రకటన పని చేపట్టునప్పుడు అడుగువాడెవడును లేనందున మీటరు ముఖము గోడవైపు త్రిప్పుదురు. నైపుణ్యమునకు కొరత లేదు. దానిని కోరెడి నియమమునకే కొరత. భావప్రకటన స్వేచ్ఛ యను పెద్దమాట కూడ ఎవరైనను ఎత్తవచ్చును. ఏమి చెప్పవలెనో మేము నిర్బంధించుట లేదు, ఎంత గట్టిగా చెప్పవలెనో ఒక హద్దు కోరుచున్నాము. న్యాయస్థానములో వాదించు న్యాయవాదికి సైతము ఆ హద్దు కలదు.

ఒక చానెల్‌నుండి మరియొక దానికి మారినప్పుడు కూడ ధ్వని ఎగిరిపడుచున్నదనియు, అది కేబుల్ ఆపరేటరు తప్పనియు వారు చెప్పుదురు. అందులో కొంత నిజము లేకపోలేదు. ఆ నిజము మీ బాధ్యతను తగ్గింపదు, పెంచును. ఏలయన, ప్రసారకుడు, పంపిణీదారుడు, కేబుల్ ఆపరేటరు ముగ్గురును మీ నియంత్రణ క్రిందివారే.

ఇప్పుడు మీ 2012 నాటి వాక్యమును గూర్చి నా మనసులోని మాట చెప్పెదను. దానిని తొలగించుట తప్పని వాదించుచున్నాను గాని, అది ఉన్నదున్నట్లుగా తిరిగి రావలెనని కోరుట లేదు. ప్రకటన కార్యక్రమమును మించరాదని అందు వ్రాసితిరి. కార్యక్రమము ఎంత ఉండవలెనో వ్రాయలేదు, ఏ మీటరుతో పోల్చవలెనో వ్రాయలేదు. పీక్‌తో పోల్చినచో ఆ వాక్యము ఉన్నను లేకున్నను ఒక్కటియే. అంతేకాక, తెలుగు వార్తాచానెళ్ళ సంగతి మీరెరుగుదురు: నలుగురు వక్తలు ఒక్కమారే మాటలాడుచుండగా, వార్తకు వార్తకు నడుమ ఉరుమువంటి వాద్యధ్వని మ్రోగుచుండగా, అట్టి కార్యక్రమమును మించకుండ ఉండుట ప్రకటనకు కష్టమేమియు కాదు. ప్రకటనను దింపుటకు బదులు కార్యక్రమమునే ప్రకటన ఎత్తునకు లేపినచో నియమము అక్షరాల నెరవేరినట్లే గదా! అందువలననే కార్యక్రమమునకును ప్రకటనకును కూడ వర్తించెడి ఒకే అంకె కావలెను. అమెరికా చట్టము ప్రకటనలను మాత్రమే పట్టుకొన్నది. ఐరోపా సిఫారసు ప్రసారమంతటిని పట్టుకొన్నది. రెంటిలో రెండవదే మేలని నా అభిప్రాయము.

అంకె ఒక్కటి పెట్టినంత మాత్రమున బాధలన్నియు తీరవనుటయు నేనెరుగుదును. చిత్రమంతటి సగటు మైనస్ 23 అయినను, అందలి శోకఘట్టము దానికి మిక్కిలి దిగువన సాగుచుండవచ్చును. మరణశయ్య పక్కన మాటలు సన్నగిల్లిన క్షణమున విరామమిచ్చి, న్యాయముగా మైనస్ 23లో ఉన్న ప్రకటననే వేసినను, అది చెవికి దెబ్బగానే తగులును. ఐరోపా వారు ఈ చిక్కును కొంత గుర్తించి, ప్రకటనల వంటి పొట్టి ఖండములకు అనుబంధ నియమము చేర్చిరి: మూడు సెకనుల కిటికీలో చూచినను అవి మైనస్ 18ని దాటరాదు. మిగిలిన భాగము విరామము ఎక్కడ పెట్టవలెనో తెలిసిన సంపాదకుని సంస్కారమునకు వదలవలసినదే. ఆ సంస్కారమును మీరు శాసింపలేరు. అంకెను శాసింపగలరు.

నేను కోరునది స్వల్పము. 2012 నాటి వాక్యమును బీఎస్.1770 కొలతతో, ఒక నిర్దిష్టమైన అంకెతో, కార్యక్రమములకును ప్రకటనలకును సమానముగా వర్తించునట్లు తిరిగి వ్రాయుడు. పొట్టి ఖండములకు మూడు సెకనుల హద్దును చేర్చుడు. సిద్ధపడుటకు ప్రసారకులకు గడువిండు. అమెరికాలో సంతకమునకును అమలునకును నడుమ రెండేండ్లు ఇచ్చిరి, మీరును ఇండు. ఫిర్యాదు చేసిన ప్రేక్షకునకు చానెల్ వారు పంపెడి సమాధానములో, అతడు ఫిర్యాదు చేసిన గంటకు సంబంధించిన అంకెలు తప్పక ఉండవలెనని సమాచార ప్రసార మంత్రిత్వ శాఖకు సిఫారసు చేయుడు. ఆ శాఖ క్రిందనే ఢిల్లీలో ఎలక్ట్రానిక్ మీడియా పర్యవేక్షణ కేంద్రము కలదు. వందలాది చానెళ్ళ ప్రసారములను అది రేయింబవళ్ళు నమోదు చేయుచున్నది. చిత్రములో చూపరానిది ఏమి చూపిరోయని వెదకుటకు ఆ నమోదులను వాడుకొనుచున్నప్పుడు, వానికే ఒక లౌడ్‌నెస్ మీటరు తగిలించుటకు అడ్డమేమి?

నియమము వ్రాయుటకు కాలము పట్టునందురా, అంతవరకు ఒక పని చేయుడు. ఆ కేంద్రమునుండి ఏదేని ఒక తెలుగు చానెల్‌లో నిన్న రాత్రి 8 నుండి 9 వరకు జరిగిన ప్రసారమును తెప్పించుకొనుడు. కార్యక్రమమును ఒకవైపు, ప్రకటనలను ఒకవైపు వేరుచేయించి, రెంటిని కొలిపించి, వచ్చిన రెండు అంకెలను మీ వెబ్‌సైటులో అందరును చూచునట్లు ప్రకటింపుడు. అవి సమానముగా ఉన్నచో నా ఫిర్యాదును ఉపసంహరించుకొని, ఆ చానెల్ వారికి క్షమాపణ వ్రాసికొందును. సమానముగా లేనిచో, రిమోట్‌తో తగ్గించుకొనుమను ఆ ఉత్తరమునకు నా తరఫున మీరే సమాధానము వ్రాయవలసియుండును.

ఇట్లు,
భవదీయుడు,
ఒక తెలుగు ప్రేక్షకుడు